నాలుగు వేళ్ళ ఖాళీ

సోస్నొవ్కా, పినేగా ఒడ్డు
12 మార్చి 1968

తమ్ముడు నికాండర్‌కు,

టపా బండి రేపు బయల్దేరుతుందన్నారు. అందుకని పిండి చేతులు తుడుచుకుని కూర్చున్నాను. మేమంతా క్షేమం. ఆవు ఈనింది. నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. నువ్వు అర్ఖాంగెల్స్క్ వెళ్ళి ఏడాది దాటింది, రాసినవి మూడు ఉత్తరాలు. మూడింటిలోనూ నీ పని సంగతే. ఏం తింటున్నావో, చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారో ఒక్క ముక్క లేదు.

ఉలీతా మకారొవ్నాకు జరిగింది నీకు తెలిసిందో లేదో. జనవరి ఇరవైన ఉదయం పొయ్యి వెలిగించి రొట్టెలు కాల్చుకుంది. నిప్పులు పూర్తిగా ఆరకముందే పొగగొట్టం మూత మూసేసింది. బయట సున్నాకు కింద నలభై డిగ్రీల చలి, వేడి పోతుందని. అలా మూయొద్దని ఊరందరికీ చెప్పే మనిషి ఆమే. ఇంటినిండా విషగాలి నిండి కళ్ళు తిరిగాయట. తలుపు దగ్గరికి వెళ్ళి లాగింది. రాలేదు. ఆ తలుపు ఆకులు రాలే కాలం నుంచే బిగుసుకుంటోందట. పొరుగింటి ప్రోఖొర్ చేత రెండుసార్లు అంచు చిత్రిక పట్టించుకుంది కూడా. ఆ రోజు మాత్రం కదల్లేదు.

కిటికీల సంగతి నీకు తెలుసు, చలికాలానికి రెండో అద్దం బిగించి సందులకు కాగితం అంటించి ఉంటాయి. స్టూలు ఎత్తే సత్తువ లేక చేత్తోనే కొట్టింది. రెండు అద్దాలూ. ప్రోఖొర్ నీళ్ళకు వెళ్తూ చూసేసరికి సగం మనిషి కిటికీలోంచి బయటికి వేలాడుతోంది. కుడిచేతి నరాలు తెగిపోయాయి. ప్రాణం దక్కింది గానీ మూడు వేళ్ళు ఇక ముడవవన్నారు. ఇంకా జిల్లా ఆసుపత్రిలోనే ఉంది. ఈ ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి అది. నీ కూతురు కాపాను బయటికి లాగిన చెయ్యి. తన మేక పాలు కూడా ఇక తను పితుక్కోలేదు.

ఇంక అసలు సంగతి. గోడలు కుంగి తలుపు మీద కూర్చున్నాయని ఊరంతా ఒకటే మాట. గోడలు కట్టింది మీ బావ కదా. దుకాణంలో గ్లఫీరా నా మొహం మీదే అంది, "గోడలు నిలబెట్టమంటే పడుకోబెట్టాడే మీ ఆయన" అని. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నా వల్ల అయ్యే పనేనా, నువ్వే చెప్పు. అయినా ఊరుకున్నాను.

మీ బావ ఒక్క మాట మాట్లాడడు. గొడ్డలి తీసి అటక మీద పెట్టాడు. ఊరి స్నానాల గదికి అందరూ అయిపోయాక, నీళ్ళు చల్లారాక వెళ్తున్నాడు.

నువ్వు ఆ ఇంట్లో ఆర్నెల్లు పని చేశావు. తలుపులు, కిటికీలు, నేల, గోడ వెంట బల్లలు అన్నీ నీ చేతివే. గోడలు ఎలాంటివో నీకంటే ఎవరికి తెలుసు? గోడలు సరిగ్గానే ఉన్నాయని గ్రామాధ్యక్షుడు తేరెంతీకి నాలుగు ముక్కలు రాయి. నువ్వు పట్నంలో పనిచేసేవాడివి, పత్రికలో పడ్డవాడివి. నీ మాట వింటారు.

మీ అక్క
లుకేర్యా


అర్ఖాంగెల్స్క్
2 ఏప్రిల్ 1968

అక్కా,

నీ ఉత్తరం అందింది. మకారొవ్నా సంగతి చదివి చాలా బాధపడ్డాను. పార్సెల్లో కమలాపళ్ళు, మంచి టీ పంపిస్తున్నాను, ఆసుపత్రికి చేర్చు. పంపింది నేనని చెప్పక్కర్లేదు.

నా తిండి గురించి బెంగపడకు. హాస్టల్లో భోజనశాల ఉంది. చేపల పులుసు మాత్రం మన వాళ్ళు చూస్తే పిల్లికి కూడా పెట్టరు. పని బాగుంది. అడవుల్లో పాడుపడ్డ పాత ఇళ్ళనీ గుళ్ళనీ విప్పి, ఒక్కో దుంగకీ అంకె వేసి, ఇక్కడ పట్నం బయట మళ్ళీ నిలబెడుతున్నాం. ఇప్పుడు నా చేతిలో ఉన్నది రెండువందల ఏళ్ళనాటి ద్వారబంధం. నన్ను వీళ్ళు పిలిపించింది ఆ పత్రికలో పడ్డ ఫొటో చూసి అని నీకు తెలుసు కదా. మకారొవ్నా ఇంటి ముందు వైపు, చెక్కుడు పలకలు, హంసలు. దాన్ని పెద్దదిగా వేయించి మా ఆఫీసు గోడకు పెట్టారు. రోజూ దాని పక్కనుంచే లోపలికి వెళ్ళాలి.

అధ్యక్షుడికి రాయమన్నావు. నేను ఇంత దూరం నుంచి ఏం రాయను? బావ పని తెలిసినవాడు. అందులో తిరుగులేదు. కాకపోతే ఆ ఏడాది చెట్లు కాస్త ఆలస్యంగా కొట్టారేమోనని నా అనుమానం. చెట్టులో నీరు ఎక్కాక కొట్టిన దుంగ ఎంత కుంగుతుందో ఎవరూ చెప్పలేరు. అది ఎవరి తప్పూ కాదు. కర్ర కర్రే. బావను మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పు.

ఈ వేసవికి రావడం కుదరకపోవచ్చు. పని చాలా ఉంది.

నీ తమ్ముడు
నికాండర్


సోస్నొవ్కా
30 ఏప్రిల్ 1968

తమ్ముడూ,

చేసిన పని చెప్తాను, నన్ను తిట్టుకోకు.

నీ ఉత్తరం రాగానే పూర్తిగా చదవకుండానే కొంగులో కట్టుకుని తేరెంతీ దగ్గరికి పరుగెత్తాను. "బావ పని తెలిసినవాడు, అందులో తిరుగులేదు" అన్న వాక్యం నా కంట పడింది, అది చాలనుకున్నాను. కాగితం ఆయన ముందు పెట్టి, "చదవండి, పట్నంలో పాత ఇళ్ళు నిలబెట్టేవాడు ఏం రాశాడో" అన్నాను. గదిలో ఇంకో నలుగురున్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదట మనసులో చదివాడు. తర్వాత పైకి చదివాడు.

"'చెట్టులో నీరు ఎక్కాక కొట్టిన దుంగ.' ఇది మీ తమ్ముడి రాతేనా, లుకేర్యా?"

"వాడిదే."

"అయితే ఇక నేను చెప్పేదేం లేదు."

కొత్త ఆసుపత్రి కట్టే జట్టులోంచి మీ బావను తీసేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో లేచిన ప్రతి గోడా ఆయనదే. ఇప్పుడు రేవు దగ్గర తాళ్ళు చుట్టే పని ఇచ్చారు. నా చేతులతో తీసుకెళ్ళి ఇచ్చిన కాగితం అది.

ఇంటికొచ్చి ఏడ్చాను, ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను, తర్వాత ఆయన మీదే విరుచుకుపడ్డాను. "మా తమ్ముడే అంటున్నాడు, చెట్లు ఆలస్యంగా కొట్టావని. ఎందుకు చేశావు ఆ పని?" అని. ఆయన వల అల్లుతున్నాడు. చేతులు ఆపకుండానే అన్నాడు, "ఫిబ్రవరిలో కొట్టాను. నువ్వే అడవికి రొట్టె తెచ్చావు. స్కీ విరిగింది నీది, గుర్తులేదా?"

గుర్తొచ్చింది. నడుముల్లోతు మంచు. విరిగిన స్కీ భుజాన వేసుకుని నడిచాను. దుంగలు ఎండిన ఎముకల్లా మోగాయి ఆ రోజు. నీకు గుర్తు తప్పి అలా రాసి ఉంటావు. దూరాన ఉంటే నెలలు కలగలిసిపోతాయి. మళ్ళీ సరిగ్గా రాసి పంపు. ఈసారి నేరుగా తేరెంతీకే పంపు.

మకారొవ్నా వచ్చే వారం ఇంటికొస్తోంది. ఆమె వచ్చేలోపు మీ బావ వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, ఆ తలుపు విప్పి సరిచేసి పెట్టాడు. రెండు రోజులు ఒక్కడే చేశాడు. పైన ఉండే చెక్కుడు పలక తీసి మామూలు పలక కొట్టాడు. నీ పలక గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి కొట్టంలో పెట్టాడు. విరిగిందా అని అడిగితే, "లేదు" అన్నాడు. అంతే.

మీ అక్క
లుకేర్యా


అర్ఖాంగెల్స్క్
14 మే 1968

అక్కా,

హడావిడిగా రాస్తున్నాను. బావ ఆ పలక తీసినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా? ఏమైనా అన్నాడా? మకారొవ్నా చూసిందా?

దాన్ని కొట్టంలో అలాగే ఉండనివ్వు. విప్పకు. తడి తగిలితే పాడవుతుంది.

నికాండర్


సోస్నొవ్కా
9 జూన్ 1968

నికాండర్,

విప్పకు అని రాశావు కాబట్టి విప్పాను.

నేను వడ్రంగి కూతురిని, వడ్రంగి పెళ్ళాన్ని. నాన్న మన ఇద్దరినీ గుమ్మం ముందు నిలబెట్టి చెప్పింది నాకు గుర్తుంది, నీకూ గుర్తుండాలి. దుంగల గోడ రెండేళ్ళపాటు కిందికి దిగుతుంది. ద్వారబంధం దిగదు. అందుకని ద్వారబంధానికీ పైదుంగకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి, అందులో మెత్తగా అవిసె నార కూరాలి, ఆ ఖాళీ కనపడకుండా పలక కప్పాలి. ఆ పలకను ద్వారబంధానికి మాత్రమే కొట్టాలి, దుంగకు ఒక్క మేకు కూడా తగలకూడదు. నాన్న తన నాలుగు వేళ్ళూ ఆ సందులో పెట్టి చూపించేవాడు. నీ వేళ్ళు చిన్నవి కాబట్టి నీకు అయిదు పట్టేవి.

నీ పలకకు కిందా పైనా మేకుల బెజ్జాలున్నాయి. వెనక వైపు దుంగ ఒత్తిన గుర్తు నల్లగా అంచుదాకా ఉంది. నార లేదు. అంచున చూపుకోసం దూర్చిన ఒక్క పోగు ఉంది.

పలక తెచ్చి మీ బావ ముందు పెట్టాను.

"ఇదేంటి?" అన్నాను.

"పలక."

"ఖాళీ ఎంతుంది?"

"గోరు మందం."

"ఏప్రిల్ నుంచీ నీకు తెలుసా?"

"తలుపు రాలేదని విన్న రోజే అనుకున్నా. ఏప్రిల్లో చూశా."

"ఊరంతా మొహాన ఉమ్ముతుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

ఆయన పలకను మళ్ళీ గోనెలో చుట్టాడు. తర్వాత, "నీకు ఒక్కడే తమ్ముడు" అన్నాడు. "నీకు రాస్తాడేమోనని చూశాను. రాశాడు గదా, చెట్టులో నీరు ఎక్కిందని."

ఆ ఉత్తరం పైకి చదివి వినిపించింది నేను. ఆయన అప్పటికే అసలు సంగతి పోల్చుకుని ఉన్నాడు, అయినా కూర్చుని పూర్తిగా విన్నాడు. విని, నా తిట్లు కూడా తిన్నాడు. ముప్ఫై రెండేళ్ళు కాపురం చేశాను, ఆ మనిషి మొహం వైపు ఇప్పుడు చూడలేకపోతున్నాను. అన్నం పెడతాను, పక్కకు తిరిగి నిలబడతాను.

నీకు రాయొద్దన్నాడు. రాస్తున్నాను.

మకారొవ్నాకు ఏమీ తెలియదు. వచ్చిన రోజే నన్ను పిలిచి, ఎడంచేత్తో టీ పోసి, "మీ ఆయన తలుపు బాగు చేశాడట, కోపం లేదని చెప్పు, తెలిసి చేస్తాడా ఎవరైనా" అంది. ఆ టీ ఎలా మింగానో నాకే తెలుసు.

లుకేర్యా


అర్ఖాంగెల్స్క్
1 జూలై 1968

అక్కా,

ఇంతవరకూ పది ఉత్తరాలు రాసి చించాను. ఇది కూడా చించేస్తానేమోనని హాస్టల్లో కాదు, టపా కార్యాలయంలోనే కూర్చుని రాస్తున్నాను.

ఆ ఇంటి ముందు వైపు నాలుగు బంధాలనూ, అంటే తలుపుదీ మూడు కిటికీలదీ, నేను చలికాలంలో మా ఇంట్లోనే తయారుచేశాను. గోడల్లో బావ కోసిన ద్వారాల కొలతలు తెచ్చుకున్నాను. ఆ కొలతల్లోంచి ఖాళీ తీసెయ్యడం మర్చిపోయాను. నా భార్య పోయిన చలికాలం అది. కాని దాన్ని సాకుగా చెప్పను. నా చేతులు ఆ కొలత వేలసార్లు తీశాయి, ఏడుస్తూ కూడా తీయగలవు. మర్చిపోయాను, అంతే. చెక్కాను. నాలుగు నెలలు చెక్కాను. నిలువు కమ్మీల అడుగున హంసల జంటలు. అంత మంచి పని నేను అంతకుముందు చేయలేదు, తర్వాత చేయలేదు.

సెప్టెంబరులో బిగించడానికి తీసుకెళ్ళాక తెలిసింది. నాలుగూ పైదుంగకు ఆనేంత పొడవున్నాయి. తప్పు దిద్దాలంటే అడుగున నాలుగు వేళ్ళు కోసెయ్యాలి. రంపం పట్టుకున్నాను కూడా. గీత గీశాను. గీత హంసల మెడల మీదుగా వెళ్ళింది. మర్నాడు పట్నం నుంచి ఫొటో తీసేవాళ్ళు వస్తున్నారు.

పైదుంగను తొలిచి ఖాళీ చేయొచ్చు కదా అంటావు. చేయొచ్చు. దానికి బావను అడగాలి. అడిగితే కొలత తప్పానని చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు ఆయన నన్ను అందరి ముందూ "వీడి చేతిలో కొలతకర్ర అక్కర్లేదు, కన్నే కొలత" అని పొగిడాడు. నేను అడగలేదు.

ప్రస్తుతానికి ఇలా బిగించి, వాళ్ళు వెళ్ళాక విప్పి సరిచేద్దాం అనుకున్నాను. ఒట్టేసి చెప్తున్నాను, అలాగే అనుకున్నాను. ఫొటో పడింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. విప్పితే ఎందుకు విప్పుతున్నావని అడుగుతారు. రేపు, ఎల్లుండి అనుకుంటుంటే పట్నం నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళిపోయాను. గోడ ఎంత దిగి ఉంటుందని ప్రతి నెలా మనసులో లెక్కపెట్టేవాణ్ణి. ఈ నెలకు గోరు. ఈ నెలకు సగం వేలు. నీ మార్చి ఉత్తరం విప్పకముందే అందులో ఏముందో నాకు తెలుసు.

నీరు ఎక్కిన చెట్లని ఎందుకు రాశానో అడక్కు. కలం అటు వెళ్ళింది. రాసి, మళ్ళీ చదివి, అంటించాను.

మూడు కిటికీలు కూడా అలాగే ఉన్నాయి. బావకు అది తెలిసి ఉండదు, ఆయన తలుపే విప్పాడు. చెట్టంత బరువు అద్దాల మీద ఉంది. మకారొవ్నాను ఆ వైపు కూర్చోవద్దని ఏదో వంక పెట్టి చెప్పు.

జరిగిందంతా ఇంకో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇందులో పెడుతున్నాను. తేరెంతీకి ఇవ్వు. మకారొవ్నాకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఆమె నీ మాట వింటుంది.

నికాండర్


సోస్నొవ్కా
13 జూలై 1968

నికాండర్,

నీ కాగితం ఇందులోనే వెనక్కి పంపుతున్నాను. నీ రాత మోసుకుని నేను ఒకసారి ఆ గుమ్మం ఎక్కాను. రెండోసారి ఎక్కను.

నెమ్మదిగా చెప్పమన్నావు. ఏది నెమ్మదిగా చెప్పాలి? ఆ కిటికీల కిందే ఆమె రోజంతా కూర్చుని ఎడంచేత్తో సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటోంది. ఏ వంకా పెట్టను. మీ బావకు మాత్రం కిటికీల సంగతి చెప్పాను. ఆ సాయంత్రమే వెళ్ళి మూడు చోట్లా దుంగ కింద ఆపు కర్రలు కొట్టాడు. ఎందుకని ఆమె అడిగితే, "గాలికి" అన్నాడట. ఆయన నోటి వెంట నాకు తెలిసి అదే మొదటి అబద్ధం. అది కూడా నీకోసమే.

ఎల్లుండి నేను గడ్డి కోతకు పై మైదానాలకు వెళ్తున్నాను, మూడు వారాలు అక్కడే. నువ్వొస్తే నేను ఊళ్ళో ఉండను. ఉండకపోవడమే మంచిది. నా వెనక నిలబడటం నీకు చిన్నప్పటి అలవాటు.

లుకేర్యా


సోస్నొవ్కా
4 ఆగస్టు 1968

అక్కా,

గడ్డి పడవ రేపు మీ వైపు వస్తుందట, దాని మీద పంపిస్తున్నాను. మీ ఇంట్లోనే ఉన్నాను. వచ్చి ఆరు రోజులైంది.

రేవులో దిగేసరికి బావ అక్కడే తాళ్ళు చుడుతున్నాడు. నన్ను చూశాడు. పడవ తాడు కట్టడం పూర్తిచేసి, "పరుపు అటక మీద ఉంది" అన్నాడు. ఆ రోజుకు అంతే.

మర్నాడు ఉదయం మొదట మకారొవ్నా దగ్గరికే వెళ్ళాను. గుమ్మంలో నిలబడే చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. మొదటినుంచీ చివరిదాకా చెప్పాను, చెట్ల గురించి నేను రాసిన మాటతో సహా. ఆమె సూది బల్లకు గుచ్చి విన్నది.

"ఫొటో తీసిన రోజు నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఆ రోజు నేను చేప పూర్ణం రొట్టె చేశాను. మూడు ముక్కలు తిన్నావు."

"తిన్నాను."

"నన్ను గుమ్మంలో నిలబెట్టింది నువ్వే గదా? 'ఇటు జరగండి, హంసలు కనపడాలి' అన్నావు."

"అన్నాను."

ఆమె కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని ఎడంచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది, ఏదో వస్తువు పెట్టినట్టు. "నీ కూతురు పుట్టేప్పుడు తల బదులు కాళ్ళతో వచ్చింది. ఏడు గంటలు ఈ చెయ్యి లోపల ఉంది. నేను ఒక్కసారైనా 'ఇవాళ్టికి ఇలా ఉండనిచ్చి రేపు చూద్దాం' అన్నానా?"

క్షమించమని నోటిదాకా వచ్చింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట ఇప్పుడు నాకొద్దు. అది నీకు పనికొస్తుంది, నాకు పనికిరాదు. ఆ బొమ్మలన్నీ నా ఇంటి మీంచి తీసెయ్యి. పగలే తియ్యి. అందరూ చూడాలి. ఎందుకు తీస్తున్నావని అడిగినవాళ్ళకల్లా చెప్పు."

నాలుగు రోజులు పట్టింది. ఆ వీధిలో ఎంతమంది నడుస్తారో అంతకుముందు నాకు తెలియదు. ప్రతి ఒక్కరూ ఆగారు, ప్రతి ఒక్కరూ అడిగారు. నిచ్చెన మీదనుంచి ప్రతి ఒక్కరికీ చెప్పాను. ప్రోఖొర్ విని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. గ్లఫీరా కింద పడి ఉన్న పలక చేత్తో తడిమి, "చెక్కుడు మాత్రం ముద్దొస్తోంది, నికాండర్. దీని ముందు మకారొవ్నా చెయ్యి ఎంతలే" అంది. బావను అంత మాట అన్న మనిషే. నేను తర్వాతి మేకు లాగాను.

గ్రామసభలో కూడా నిలబడ్డాను. ఎవరూ అరవలేదు. అరుస్తారని సిద్ధపడి వెళ్ళాను. అందరూ కిందికి చూస్తూ కూర్చున్నారు, వాళ్ళే ఏదో చేసినట్టు. తేరెంతీ లేచి బావ వైపు తిరిగి, "సవ్వాతీ, మేం తప్పు చేశాం, జట్టులోకి రా" అన్నాడు. బావ, "రేవులో పడవలున్నాయి, అవి పంపించాక చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు.

రెండో కిటికీ బంధం నా ఒక్కడివల్ల రాలేదు, దుంగ కరిచిపట్టేసింది. తంటాలు పడుతుంటే కింద మీటతో దుంగ పైకి లేచింది. చూస్తే బావ. పిలవలేదు నేను. మిగిలినవన్నీ ఎత్తి పట్టుకున్నాడు. నేను బంధాల అడుగుభాగాలు కోశాను. హంసల మెడల మీదుగానే కోశాను, మిగిలిన చెక్కుడు చిత్రిక పట్టేశాను. నార కూరాను, వేళ్ళు పెట్టి చూశాను, ఆయన కూడా తన వేళ్ళు పెట్టి చూశాడు. నేను పెట్టి చూసిన చోటే. ఒక్కోదానికీ. అది చూస్తూ నిలబడటంకంటే సభలో నిలబడటం తేలిక.

చివరి రోజు నిచ్చెన దింపుతూ, "బావా, నన్ను ఒక దెబ్బ కొట్టు" అన్నాను.

"ఎందుకు, నీకు తేలిగ్గా ఉండటానికా?" అన్నాడు. మీట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రేపు నేనూ వెళ్ళిపోతున్నాను. పట్నంలో కూడా చెప్పాల్సినవాళ్ళున్నారు. నీ చెంబులు, గిన్నెలు తోమి పెట్టాను. దూడ బాగుంది.

నికాండర్


అర్ఖాంగెల్స్క్
22 సెప్టెంబరు 1968

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాయాలని అడగడం లేదు, సంగతులు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మా పై అధికారికి అంతా చెప్పాను. ఆ ఫొటో గోడ మీంచి తీసెయ్యమన్నాను. ఆయన నవ్వాడు. "ఫొటోలో ఖాళీ కనపడదు గదయ్యా, ఉండనీ, బాగుంది" అన్నాడు. తీయలేదు. తలుపుల పని నుంచి తప్పుకుంటానన్నాను. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆడవాళ్ళ జట్టుతో కలిసి దుంగల సందుల్లో నాచు కూరుతున్నాను. నన్ను తాతా అని పిలుస్తారు, నా కంటే వేగంగా కూరుతారు. వాళ్ళకూ చెప్పాను. ఒకామె, "మాకెందుకు చెప్తున్నావు, తాతా?" అని అడిగింది. నిజమే, అందరికీ చెప్పడం కూడా ఒక అలవాటైపోతోంది. అది కూడా మంచిది కాదనిపించింది. మానేశాను.

మకారొవ్నాకు చలికాలం కట్టెలు ఎవరు కొట్టిస్తున్నారు?

నికాండర్


సోస్నొవ్కా
17 నవంబరు 1968

తమ్ముడూ,

నది గడ్డకట్టింది, టపా బండి మళ్ళీ మొదలైంది. ఇన్నాళ్ళూ రాయలేదంటే కోపం అనుకుంటున్నావేమో. సగమే అది. మిగతా సగం, కలం పట్టుకున్నప్పుడల్లా తేరెంతీ బల్ల ముందు నేను నిలబడ్డ తీరు గుర్తొస్తుంది. నీది నువ్వు వీధిలో దించుకున్నావు. నాది మా ఇంట్లోనే ఉంది. పోయిన వారం మీ బావ టోపీ కుడుతూ, ఆయన వైపు చూడకుండానే, "నిన్ను అనరాని మాటలన్నాను" అన్నాను. "చేపల కూరలో ఉప్పు ఎక్కువేశావు, అది చూసుకో" అన్నాడు. తర్వాత రెండోసారి పెట్టించుకున్నాడు.

మకారొవ్నా కట్టెలు ప్రోఖొర్ కొట్టాడు. ఆమెకు ఎడంచేత్తో ఇప్పుడు రాయడం కూడా వచ్చింది. నీకు రాస్తున్నానంటే కాగితం లాక్కుని ఒక వాక్యం రాసిచ్చింది, అది ఇందులో పెట్టాను. అక్షరాలు పడిపోతున్నట్టున్నాయి గానీ చదవొచ్చు: "నీ పలకలు పొయ్యిలో పెట్టాను, ఎండిన కర్ర, బాగా మండింది." ఇంకేమైనా రాయమంటావా అని అడిగితే, ఇవాళ్టికి అంతే అంది.

ఆసుపత్రి గోడలు లేచాయి. సెప్టెంబరులో పడవలు అయిపోయాక మీ బావ అటక ఎక్కి గొడ్డలి దింపాడు. పైకప్పు వేశారు. ఈ చలికాలం, వచ్చే వేసవి అలా ఊరికే నిలబెట్టాలి, దిగేంత దిగాక తలుపులు. నిన్న తేరెంతీ మా ఇంటికొచ్చి టీ తాగుతూ అడిగాడు, "తలుపులు, కిటికీలు ఎవరి చేత పెట్టిద్దాం, సవ్వాతీ? ఇప్పుడే చెప్తే కర్ర కోయించి ఆరబెడతాను."

మీ బావ చక్కెర ముక్క కొరికి, ఆ టీ అంతా తాగి, గ్లాసు బోర్లించాడు. "ఒకడున్నాడు," అన్నాడు. "వాడికి నేను రాయాలి."

తేరెంతీ నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు తిరిగాను.

ఆయనకు సంతకం తప్ప రాయడం రాదని నీకు తెలుసు. నేను రాసిపెడతానంటే వద్దన్నాడు. ఇవాళ మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు, కలం సిరాలో ముంచాడు, ఆరిపోయేదాకా చూసి పక్కన పెట్టాడు. రేపు మళ్ళీ కూర్చుంటాడో, నెలకు కూర్చుంటాడో నాకు తెలియదు. తొందరపెట్టను.

ఆయన రాసేదాకా నువ్వు రాకు.

మీ అక్క
లుకేర్యా